ఫ్రెస్నోకి వెళ్లిన రోలు

రోలు బరువెంతో వసుమతికి తెలియక కాదు. వేమూరు పక్క బండ్లు కట్టే ఇంట్లో పుట్టిన మనిషి. బస్తా ఎత్తకముందే అది ఎద్దుల మెడ మీద ఎంత పడుతుందో చెప్పే తాత దగ్గర పెరిగింది. అయినా ఫోనులో బాలమణిగారు ఆ మాట అడిగినప్పుడు కాదనలేకపోయింది. మీ ఇంటి ప్లగ్గులో మా కారుకి మూడు గంటలు కరెంటు పెట్టుకుంటామని తను అడిగింది, ఆవిడ నిమిషం ఆలోచించకుండా సరేనంది. ఆ వెంటనే ఆవిడ అడిగితే ఏ మొహం పెట్టుకుని కాదంటుంది?

అది 1979 జూన్. కాలిఫోర్నియాలో పెట్రోలుకి కరువొచ్చిన ఏడాది. వసుమతి వాళ్లుండే డబ్లిన్ అనే ఊళ్లో బంకుల ముందు తెల్లారకముందే కార్లు బారులు తీరేవి. నంబరు ప్లేటు చివర సరి అంకె ఉన్నవాళ్లకి ఒకరోజు, బేసి అంకె ఉన్నవాళ్లకి మర్నాడు. ఆదివారం వచ్చిందంటే చాలా బంకులకి తాళాలే. తెల్లవాళ్లు తల పట్టుకున్నారు గానీ, కిరసనాయిలు డబ్బా చేత్తో పట్టుకుని వరసలో నిలబడి పెరిగిన మనవాళ్లకి అదేమంత వింతగా తోచలేదు.

వసుమతి భర్త భీమశంకర్‌కి ఆ కరువే అన్నం పెడుతోంది. డబ్లిన్ శివార్లలో ఒక షెడ్డు, అందులో ఆరుగురు మనుషులు. చిన్న కార్లు కొని, ఇంజను పీకేసి, గోల్ఫ్ మైదానాల్లో తిరిగే బండ్ల బ్యాటరీలు పదహారు కూర్చి, మోటారు బిగించి నడిపించడం వాళ్ల పని. పాలకీ కూరలకీ ఆ కారు చక్కగా వెళ్లొచ్చేది. నలభై అయిదు మైళ్లు నడిచిందంటే మాత్రం ఎండకి సొమ్మసిల్లిన దున్నపోతులా ఉన్నచోటే కూలబడేది. మళ్లీ లేవాలంటే ప్లగ్గు పెట్టి కూర్చోవాలి. గంట మేపితే పది మైళ్లు నడుస్తుంది, అంతే.

ఊళ్లో తిరగడానికి తప్ప దూరానికి పనికిరాని బండికి ఇంకా సొమ్మెందుకు పోయాలని షెడ్డుకి డబ్బిచ్చే సాక్రమెంటో సర్కారువాళ్లలో ఎవరికో అనుమానం వచ్చింది. ఆఖరి అవకాశంగా ఒక పరీక్ష పెట్టారు. డబ్లిన్ నుంచి ఫ్రెస్నో నూట యాభై మైళ్లు. సూర్యుడు పొడిచాక బయల్దేరి, కుంకేలోగా చేరాలి. మామూలు ఇళ్లలో ఉండే ప్లగ్గుల్లోనే చార్జింగ్ పెట్టుకోవాలి. కారులో మొదటినుంచి చివరిదాకా ఇద్దరు మనుషులుండాలి. ఎవరూ నెట్టకూడదు, తాడు కట్టి లాగకూడదు. వెనకాల తమ మనిషి ఒకడు కారులో వస్తూ అన్నీ రాసుకుంటాడు. చేరితే షెడ్డు ఉంటుంది, చేరకపోతే మూత.

మూతపడితే ఏం చేయాలో భీమశంకర్ ముందే చూసుకున్నాడు. హూస్టన్‌లో ఒక చమురు కంపెనీ రమ్మని ఉత్తరం రాసింది. సోమవారానికల్లా జవాబు చెప్పాలి. అతనికి ఎక్కడైనా ఉద్యోగమే. వసుమతికి అలా కాదు. హేవర్డ్ కాలేజీలో ల్యాబ్ టెక్నాలజీ చదువుతోంది, ఇంకొక్క ఏడాదే మిగిలింది. పెళ్లినాడు వాల్తేరులో ఎమ్మెస్సీ సగంలో వదిలేసి వచ్చింది. రెండోసారి కూడా పుస్తకం మధ్యలో మూసి పెట్టెలో పెట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. పరీక్ష కారుకి పెట్టారు గానీ తప్పితే పోయేది తన చదువని ఆమెకి తెలుసు. భర్తకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

దారి కుదిర్చింది కూడా ఆమే. భీమశంకర్ మ్యాపు పరుచుకుని, మోటెళ్లవాళ్లకి ఫోన్లు చేసి, ఎవరూ ఒప్పుకోక చతికిలబడి కూర్చుంటే, వసుమతి తన అడ్రసుల పుస్తకం తెచ్చి మ్యాపు పక్కన పెట్టింది. ఉగాదికి కార్డులు వేసే పుస్తకం అది. ట్రేసీలో కృష్ణమూర్తిగారు, మోడెస్టోలో బాలమణిగారు, మెర్సెడ్‌లో డాక్టర్ భాస్కరరావుగారు, మడేరాలో రాజ్, ఫ్రెస్నోలో రాధారాణి. ముప్పై నలభై మైళ్లకొక తెలుగిల్లు. బట్టలారబెట్టే మిషనుకి ఉండే పెద్ద ప్లగ్గు మీ ఇంట్లో ఉందా అని అందరినీ అడిగింది. ఉంది రమ్మన్నారు. రమ్మన్నవాళ్లంతా, భోజనానికా టిఫిన్‌కా అని కూడా అడిగారు.

రోలు సంగతి అక్కడే మొదలైంది. అయిదేళ్ల కిందట ఒక డాక్టరుగారి సామానుతో ఓడలో వచ్చిన రుబ్బురోలది. ఆయన మిషిగన్ వెళ్లిపోతూ వదిలేశాడు. అప్పటినుంచి ట్రేసీ నుంచి ఫ్రెస్నో దాకా ఆ లోయలో ఉన్న మనవాళ్లందరికీ అదొక్కటే రోలు. ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్లింటికి వెళ్లాలి. దానికోసమని ఎవరూ ప్రత్యేకంగా బయల్దేరరు. అటు వెళ్లే కారేదైనా ఉంటే అందులో ఎక్కిస్తారు. ఖాళీగా ఏ కారునీ పోనివ్వకపోవడం అక్కడి పద్ధతి. ఆదివారం సాయంత్రం ఫ్రెస్నోలో రాధారాణి పిల్లాడికి అన్నప్రాశన, నలభైమందికి గారెలు. రోలేమో మోడెస్టోలో బాలమణిగారి గరాజులో ఉంది.

"ఎలాగూ ఫ్రెస్నో దాకా వెళ్తున్నారు కదమ్మాయ్, ఆ రోలు కాస్త వేసుకుపోండి," అంది ఆవిడ ఫోనులో. "మిక్సీలో రుబ్బితే గారె నమలలేక చస్తున్నాం."

వసుమతి సరేనంది. భర్తకి మాత్రం చెప్పలేదు.

శనివారం పొద్దు పొడుస్తూనే బయల్దేరారు. వెనకాల సర్కారు కారులో హేన్స్ అనే మనిషి. సన్నగా, పొడుగ్గా, తుమ్మినా రాసుకునేలా ఉన్నాడు. ఆల్టమాంట్ కొండ ఎక్కేటప్పుడు లారీలన్నీ హారన్లు కొట్టి దాటిపోయాయి గానీ, కారు మెల్లగా ఎక్కేసింది. ట్రేసీలో కృష్ణమూర్తిగారింట ఇడ్లీలు తిన్నారు, కారు కూడా తింది. వస్తూ వస్తూ కృష్ణమూర్తిగారు, ఇవి భాస్కరరావుకివ్వండంటూ రెండు బియ్యం బస్తాలు వెనకసీట్లో పడేశాడు. భీమశంకర్ నోరు తెరిచాడు. ఇంటాయన డ్రయ్యర్ ప్లగ్గు తిరిగి బిగించుకుంటూ కనిపించాడు. నోరు మూసుకున్నాడు.

మోడెస్టోలో భోజనమయ్యాక భీమశంకర్ ఓ అరగంట నడుం వాల్చాడు. ఆ అరగంటలో బాలమణిగారి భర్తా, పక్కింటి మెక్సికన్ కుర్రాళ్లిద్దరూ కలిసి రోలుని కారు వెనక భాగంలో, బ్యాటరీల పెట్టెకి ఆనించి పెట్టారు. పొత్రం వేరేగా పాత చీరలో చుట్టారు. రోలు మీద దుప్పటి కప్పింది వసుమతే. కారు వెనక భాగం రెండంగుళాలు కిందికి దిగడం ఆమె కళ్లారా చూసింది. చూసి, పెట్రోలు కార్లో అయితే ఇదొక లెక్కా అనుకుంది. ఇది పెట్రోలు కారు కాదన్న సంగతి ఆమెకి గుర్తొచ్చింది గానీ, బాలమణిగారు అప్పుడే బొట్టు పెట్టి పండు చేతిలో పెడుతోంది.

మెర్సెడ్‌లో బియ్యం దిగాయి. వాటి బదులు గంగాళమొకటీ, ఆవకాయ జాడీలు నాలుగూ ఎక్కాయి. అక్కడ అనుకున్నదానికంటే ఎక్కువసేపే మేపారు. అయినా ఊరు దాటి పది మైళ్లు వెళ్లారో లేదో, భీమశంకర్ చూపు అద్దం ముందున్న ముల్లు మీంచి కదలడం మానేసింది. మోటారు లాగాల్సినదానికంటే ఎక్కువ కరెంటు లాగుతోంది. వేగం చూస్తే నలభైకి పడిపోయింది. వెనక ఎక్కడో సన్నగా రబ్బరు కాలిన వాసన.

ఏదో ఒక బ్యాటరీ చచ్చిపోతోందన్నాడతను. ఏడోదో ఎనిమిదోదో. వాటి అతుకులు తనే వేశానన్నాడు. చేతకాని పని నెత్తికెత్తుకున్నానని, మూడేళ్లు బూడిదలో పోశానని, హూస్టన్‌లో ఇళ్లు చవకంటారని, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయాడు. అతనంత మాట్లాడడం పెళ్లయ్యాక ఆమె విన్నది తక్కువ. మూడు మైళ్లు విని ఊరుకుంది. ఆ మూడు మైళ్లలో ఊరుకుంటే ఏమవుతుందో కూడా లెక్కేసుకుంది. మడేరా దాకా చేరితే తప్పు బయటపడకపోవచ్చు. చేరకపోతే తప్పు అతని అతుకుల మీదికే పోతుంది, అతను జన్మంతా అదే నమ్ముతాడు.

"ఏమండీ," అంది. "బ్యాటరీలకేం కాలేదు. వెనకాల రోలుంది."

అతను వెంటనే అర్థం చేసుకోలేదు. "ఏ రోలు?"

"మనవాళ్ల రోలే. బాలమణిగారింట్లోది. దుప్పటి కింద ఉంది. నేనే పెట్టించాను."

చౌచిల్లా దగ్గర దారి పక్కన పీచ్ పళ్ల దుకాణం కనిపిస్తే అక్కడ ఆపాడు. దిగి దుప్పటి ఎత్తి చూశాడు. బరువంతా వెనక ఇరుసు మీద పడి, టైరు మీది రేకుకి ఒరుసుకుని నున్నగా అరిగింది.

"బండ్లు కట్టే ఇంటి పిల్లవి," అన్నాడు భార్యతో. "వెనకబరువు వేస్తారా ఎవరైనా?"

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. తాత ఉంటే అదే మాట, ఇంకో రెండు బూతులతో కలిపి అనేవాడు.

వెనక ఆగిన హేన్స్ దిగి వచ్చాడు. సామాను దించవచ్చా అని భీమశంకర్ అడిగితే, చేతిలో ఉన్న నిబంధనల కాగితాలు మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. మనుషుల సంగతుంది, ప్లగ్గుల సంగతుంది, తాళ్ల సంగతుంది. రాయి ఎక్కించవచ్చనీ లేదు, దించకూడదనీ లేదు. దించుకోండన్నాడు. తనే ఓ చేయి వేసి, వేశాక ఇంత బరువుంటుందని ఊహించనందుకు నడుం పట్టుకున్నాడు.

దుకాణం నడిపేది ఓ పోర్చుగీసు ముసలామె. రేపొచ్చి తీసుకుపోతామని వసుమతి చెబితే సరేనని తలూపింది గానీ, ఇదేమిటో అడగలేదు. రోలూ, పొత్రం, గంగాళం అక్కడ వదిలేశారు. జాడీలు మాత్రం వసుమతి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

మడేరా చేరేసరికి కారు మనిషి నడకకి దిగింది. రాజ్ ఇంటి ముందు ఆగడమే తడవు, ఎవరూ లోపలికి కూడా వెళ్లలేదు. అతను పళ్లేలు వాకిట్లోకే తెచ్చాడు. రెండు గంటలు మేపి, చాలినా చాలకపోయినా బయల్దేరారు. ఆఖరి ఇరవై రెండు మైళ్లూ భీమశంకర్ వేగం ముప్పై దాటనివ్వకుండా నడిపాడు. ఫ్రెస్నోలో రాధారాణి వాకిట్లో ఆగేసరికి ఇంటి పైకప్పుల మీద ఇంకా వెలుగుంది. హేన్స్ గడియారం చూసి, ఎనిమిది నిమిషాలు మిగిలాయని రాసుకున్నాడు.

భీమశంకర్ సీట్లోంచి లేవకుండా అలాగే కూర్చుండిపోయాడు. రాధారాణి చంకలో పిల్లాడితో గుమ్మం దిగి వచ్చి, కారు వెనక అద్దంలోంచి తొంగి చూసి, మొట్టమొదట అడిగిన మాట, "వదినా, రోలేది?"

వసుమతి జరిగింది చెప్పింది. పొద్దున్నే ఎనిమిది కిలోల మినప్పప్పు నానబోయాలని మాత్రం రాధారాణి అంది.

లోపలికి వచ్చాక హేన్స్‌కి ఇంకొక్క కాగితం మిగిలింది. కారులో ప్రయాణించిన రెండో మనిషిని అడగాల్సిన ప్రశ్నలవి. సీటు ఎలా ఉంది, చప్పుడెంత, అలాంటివి. అన్నిటికంటే ఆఖరిదానినే తన పైవాళ్లు ముందు చదువుతారని చెప్పి మరీ అడిగాడు. పరీక్ష అని కాకుండా, మీ సొంత పని మీద ఈ కారు వేసుకుని ఇంత దూరం వెళ్తారా?

అవునంటే అయిపోయేది. భర్త ఆమె వైపు చూడకుండా గోడకున్న కేలండర్ చూస్తున్నాడు. వసుమతికి అబద్ధం నాలిక దాకా వచ్చింది. పొద్దుటినుంచి ఒక సంగతి దాచి ఏమైందో గుర్తొచ్చింది.

"వెళ్లను," అంది. "మూడు గంటల దారికి పధ్నాలుగు గంటలు పట్టింది."

హేన్స్ రాసుకుని, గుడ్‌నైట్ చెప్పి, మోటెల్‌కి వెళ్లిపోయాడు. భీమశంకర్ కారుకి ప్లగ్గు పెట్టి వచ్చి పడుకున్నాడు. నువ్వు చెప్పింది నిజమే కదా అన్నాడు, గోడ వైపు తిరిగి. ఆ నిజమే ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు.

ఆదివారం ఆరింటికి లేచేసరికి రాధారాణి వంటింట్లో పప్పు నానుతోంది. రోలుకోసం ఎవరెళ్తారన్నదే మాట. రాధారాణి భర్త కార్లో ముల్లు అడుగు అంటుతోంది. ఉన్నదాంతో సోమవారం ఆఫీసుకి వెళ్లాలి, ఇవాళ బంకులు మూత. ఇంకో ఇద్దరికి ఫోను చేశారు. వాళ్లదీ అదే కథ. ముప్పై ఎనిమిది మైళ్లు వెళ్లి, ముప్పై ఎనిమిది మైళ్లు రావడానికి ఆ వీధిలో ఎవరి దగ్గరా పెట్రోలు లేదు.

వాకిట్లో ఒక్క కారు మాత్రం రాత్రంతా మేసి, నిండు కడుపుతో నిలబడి ఉంది.

వసుమతి తాళాలు తీసుకుంది. అలిసిపోయిన భర్తని లేపలేదు. సరిగ్గా అప్పుడే హేన్స్ నడుచుకుంటూ వచ్చాడు. నిన్నంతా వీళ్ల వెనకాల పాకుతూ వచ్చేసరికి అతని కారూ ఎండిపోయింది. రెండు గాలన్లు ఎవరైనా బదులిస్తారేమోనని వచ్చాడు. ఎవరూ ఇచ్చేలా లేరని తెలిసి మెట్ల మీద కూర్చున్నాడు. రాయి ఎత్తడానికి ఒక మగమనిషి కావాలి, ఖాళీగా ఉంటే రమ్మంది వసుమతి. ఖాళీగా ఉండడం తప్ప అతనికి వేరే పని లేదు.

ఈసారి ఆమె తొందరపడలేదు. మడేరాలో రాజ్ ఇంటి ముందు ఆపి గంటన్నర పెట్టింది. అతను పెసరట్లు వేశాడు. హేన్స్ మూడు తిన్నాడు. ఇలా ఎన్ని ఇళ్లున్నాయి మీకు అని అడిగాడు. లెక్కపెట్టలేదంది.

చౌచిల్లాలో పళ్ల దుకాణం ముందు రోలు ఎక్కడ పెట్టిందక్కడే ఉంది. నిండా నీళ్లు పోసి ఉన్నాయి. ముసలామె పెంపుడు కుక్క ముందరి కాళ్లు రోలంచు మీద పెట్టి, తీరిగ్గా తాగుతోంది.

వసుమతి కుక్కని అదిలించి, కొళాయి గొట్టం అడిగి తీసుకుని, మట్టీ సబ్బూ వేసి, చేతులు ఎర్రబడేదాకా మూడుసార్లు తోమింది. ముసలామె ఇచ్చిన నిమ్మకాయలు రెండు కోసి లోపలంతా రుద్దింది. పిల్లాడి అన్నప్రాశన గారెలు ఆ రోట్లోనే నలగాలి. నలభైమందిలో ఒక్కరికి తెలిసినా ఆ రోలు జన్మలో మళ్లీ ఏ గడపా తొక్కదు.

"మిస్టర్ హేన్స్," అంది గొట్టం తిరిగిస్తూ. "ఈ కుక్క సంగతి మీ రిపోర్టులో ఉండకూడదు."

అతను రోలు వైపూ, కుక్క వైపూ చూశాడు. తను కారు చూడడానికి వచ్చాననీ, కారుకి కుక్కతో సంబంధం కనిపించడం లేదనీ అన్నాడు.

ఎక్కించేటప్పుడు అతను వెనక తలుపు తెరిచాడు. వసుమతి వద్దంది. ముందు సీటు వెనక్కి జరిపి, రోలుని ముందు పెట్టించింది. పొత్రం దాని పాదాల దగ్గర. సీటు బెల్టు తీసి రోలుకి బిగించింది. గంగాళం ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా హేన్స్ వెనకసీట్లో ముడుచుకున్నాడు. బరువు ముందే ఉండాలని ఆమె చెప్పింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఎద్దుల దగ్గరంది. మళ్లీ మడేరాలో రెండు గంటలు ఆగి, ఒంటిగంట లోపే ఫ్రెస్నో చేరారు. టైరు ఎక్కడా ఒరుసుకోలేదు.

భీమశంకర్ వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న రోలునీ, వెనక గంగాళం చాటునుంచి దిగుతున్న సర్కారు మనిషినీ చూసి, రోలు దించడానికి చేయి వేశాడు.

సాయంత్రం గారెలు బంగారంలా వేగాయి. మొదటి గారె హేన్స్ పళ్లెంలో పడింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వసుమతి వైపు చూశాడు. వసుమతి పాయసం వడ్డిస్తూ తల తిప్పలేదు. తిన్నాడు. ఇంకో రెండు వేయించుకున్నాడు.

తర్వాత పెరట్లో మ్యాపు పరిచి, ఈ రాయి ఇంకెక్కడికి వెళ్తుందని అడిగాడు. శ్రావణంలో బేకర్స్‌ఫీల్డ్ వెళ్లాలంది వసుమతి. నూట పది మైళ్లు. దారిలో ఇళ్లు చెప్పమన్నాడు. ఆమె పుస్తకం తెచ్చి చదివింది, అతను పెన్సిలుతో చుక్కలు పెట్టాడు. సెల్మాలో ఒకరున్నారు. టులారీలో ఇద్దరు. డెలనో దగ్గర ఆమె ఆగింది.

"అక్కడ మనవాళ్లెవరూ లేరు," అంది.

హేన్స్ డెలనో చుట్టూ సున్నా చుట్టి, ఇక్కడ ఒక ప్లగ్గు కావాలని పక్కన రాశాడు. తర్వాత నిన్నటి కాగితం తీశాడు. ఆఖరి ప్రశ్నకి ఎదురుగా ఆమె జవాబు అలాగే ఉంది. కొట్టేయలేదు. దాని కింద తన చేత్తో, మర్నాడే ఆమె సొంత పని మీద డెబ్బై ఆరు మైళ్లు నడిపింది, నేను వెనకసీట్లో ఉన్నాను అని రాసి, సంతకం పెట్టి ఆమెకి చూపించాడు. బ్యాటరీ సంగతి మా ఇంజనీర్లు చూసుకుంటారు గానీ, ఆ పుస్తకం ఒక్కసారి ఇస్తే నకలు రాసుకుంటానన్నాడు. పైవాళ్లు తన మాట కాదనరని కూడా అన్నాడు.

సోమవారం డబ్లిన్ తిరిగి వెళ్లే దారిలో, మెర్సెడ్‌లో కారు మేస్తుండగా, భాస్కరరావుగారి బల్ల మీద కూర్చుని హూస్టన్‌కి రాలేమని టెలిగ్రాం మాటలు వసుమతే రాసింది. భీమశంకర్ చదివి, ఒక మాట తగ్గించి, తంతి ఆఫీసుకి ఫోనులో చెప్పమని డాక్టరుగారికి ఇచ్చాడు. బయటికొచ్చేసరికి డాక్టరుగారి భార్య కారు పక్కన నిలబడి ఉంది, కాళ్ల దగ్గర రెండు ఖాళీ జాడీలు, ఒక పుచ్చకాయ.

వసుమతి పుచ్చకాయ రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి, ముందు సీటు దగ్గర కింద పెట్టింది.